నవ్వు బాగుంది, నమలడమెలా?

మొన్న సంక్రాంతికి మా అక్కయ్య రాజమండ్రి నుంచి డబ్బా నిండా చేగోడీలు పట్టుకొచ్చింది. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆమె కూతురు ఒకటి తీసుకుని ముందు పళ్లతో టప్పున విరిచింది. ఆ తర్వాత దాన్ని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి తిప్పి తిప్పి, ఆఖరికి నీళ్లు తాగి మింగేసింది. "ఏమ్మా, మరీ గట్టిగా వచ్చాయా?" అని తల్లి నొచ్చుకుంది. "అవి బాగానే ఉన్నాయమ్మా. నా వెనక పళ్లే ఒకదానికొకటి తగలడం లేదు" అంది పిల్ల.

నవ్వితే మాత్రం చూడముచ్చటగా ఉంది. చిన్నప్పుడు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండే ముందు పళ్లు ఇప్పుడు దారం పట్టి పేర్చినట్లున్నాయి. పద్నాలుగు నెలల కాలం, ఇరవై ఎనిమిది జతల పారదర్శకపు ప్లాస్టిక్ తొడుగులు, లక్షా పాతిక వేల రూపాయల ఖర్చు. చేసింది ఆమె ఆఫీసుకు దగ్గర్లోని దంత వైద్యుడు. ఆయన మోసగాడు కాదు, చేతకానివాడూ కాదు. అంతకుముందు ఆమెకు రూట్ కెనాల్ చేసిందీ ఆయనే. అది ఇప్పటికీ రాయిలా ఉంది. మరి ఈ తొడుగుల దగ్గర ఎక్కడ దెబ్బతిన్నట్లు? "మావయ్యా, నువ్వే కనుక్కోరాదూ, నీకు డాక్టర్లు తెలుసుగా" అని పిల్ల ఆ పని నాకు అప్పజెప్పింది.

ఢిల్లీలో ఇప్పుడు 'అలైనర్' అన్న బోర్డు కనిపించని మార్కెట్ లేదు. లజ్‌పత్ నగర్ నుంచి గురుగ్రామ్ గోల్ఫ్ కోర్స్ రోడ్డు దాకా, నోయిడా సెక్టర్ 18 నుంచి ఇందిరాపురం దాకా పళ్ల డాక్టరు ఉన్నచోటల్లా అదే బోర్డు. యాభై వేల దగ్గర మొదలుపెట్టి రెండు మూడు లక్షల దాకా చెబుతారు, నెలసరి వాయిదాలూ ఉంటాయి. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నోట్లో ఇనుప క్లిప్పులు పెట్టుకుని మీటింగుల్లో మాట్లాడాలంటే ఎవరికైనా మొహమాటమే. పైగా పెళ్లిచూపులు, పెళ్లి ఫొటోలు. తీసి పక్కన పెట్టగలిగే, కంటికి కనిపించని తొడుగు దొరికితే ఎవరు కాదంటారు?

ఆ తొడుగు పనిచేసే తీరు వినడానికి చాలా తేలిక. నోటిని కెమెరాతో స్కాన్ చేస్తారు. కంప్యూటర్‌లో ఒక్కో పన్నునూ కొంచెం కొంచెంగా జరుపుతూ మొదటి నుంచి చివరి దాకా ఒక చిన్న సినిమా తయారుచేస్తారు. ఒక్కో తొడుగు పన్నును దాదాపు పావు మిల్లీమీటరు జరుపుతుంది. రోజుకు ఇరవై నుంచి ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి, వారానికో రెండు వారాలకో మార్చాలి. తినేటప్పుడూ తోముకునేటప్పుడూ తీసేయాలి.

దీన్ని కనిపెట్టినవాళ్లు దంత వైద్యులు కారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఎంబీఏ చదువుకున్న జియా చిష్తీ, కెల్సీ వర్త్ 1997లో అలైన్ టెక్నాలజీ అనే కంపెనీ పెట్టారు. చిష్తీ పెద్దయ్యాక క్లిప్పులు వేయించుకున్నవాడు. అవి తీశాక ఇచ్చిన ప్లాస్టిక్ రిటైనర్‌ను కొన్నాళ్లు మానేసి మళ్లీ పెట్టుకుంటే జరిగిన పళ్లు వెనక్కి వచ్చాయి. ప్లాస్టిక్‌కే ఆ శక్తి ఉంటే మరి ఇనుమెందుకన్నది అతని ఆలోచన. 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. తొలి రోజుల్లో ఆ కంప్యూటర్ సినిమాలు చాలావరకు తయారైంది మనకు పక్కనే, లాహోర్‌లో. తర్వాత ఆ పని కోస్టారికాకు మారింది. అంటే మొదటి నుంచీ పళ్లు జరిపే పథకం గీసేది ఒకచోట, నోరు ఉండేది మరోచోట. మా పిల్ల కథలో అసలు ముడి ఇక్కడే ఉందని నా అనుమానం.

అలైన్ కంపెనీ మొదట్లో ఈ తొడుగులను పళ్ల వరుస సరిచేసే స్పెషలిస్టులకే, అంటే ఆర్థోడాంటిస్టులకే ఇచ్చేది. మాకెందుకివ్వరని సాధారణ దంత వైద్యులు కోర్టుకెక్కడంతో 2000ల తొలినాళ్లలోనే వాళ్లకూ తలుపులు తెరిచింది. 2017లో కీలక పేటెంట్ల గడువు తీరడం మొదలయ్యాక రంగంలోకి చాలా కంపెనీలు దిగాయి. మన దేశంలోనూ తయారీ పెరిగింది. ముంబైకి చెందిన లక్ష్మీ డెంటల్ 2025 జనవరిలో స్టాక్ మార్కెట్‌కు కూడా వచ్చింది.

ఇక్కడో చిన్న చరిత్ర చెప్పాలి. పళ్ల వరుస సరిచేయడాన్ని దంత వైద్యంలోంచి విడదీసి ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టినవాడు ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్. 1899లో ఆయన చేసిన వర్గీకరణనే ఇప్పటికీ అన్ని దేశాల్లో వాడుతున్నారు. ఆయన లెక్క ముందు పళ్లతో మొదలుకాదు. ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను పైదీ కిందిదీ ఎలా కలుస్తున్నాయన్నదే ఆయనకు తొలి ప్రశ్న. ముందు పళ్లు వంకరగా ఉన్నాయని వచ్చినవాడి నోట్లో కూడా ముందు దవడ పళ్లు చూడమన్నాడు. యాంగిల్ విడదీసిన పనిని నూరేళ్ల తర్వాత ప్లాస్టిక్ తొడుగు మళ్లీ సాధారణ దంత వైద్యుడి చేతిలో పెట్టింది. పని చేరింది గానీ ఆ మొదటి ప్రశ్న చాలాచోట్ల దారిలో జారిపోయింది.

పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరును డాక్టర్లు 'బైట్' అంటారు. ఊరికే కూర్చున్నప్పుడు మన పళ్లు ఒకదానికొకటి తగలవు. గుటక వేసినప్పుడూ నమిలినప్పుడూ కలుస్తాయి. కలిసినప్పుడు భారమంతా దవడ పళ్లు మోయాలి, ముందు పళ్లు తాకీ తాకనట్లుండాలి. దవడను పక్కకు జరిపితే కోరపళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ వెనక పళ్లను విడదీయాలి. ఈ సర్దుబాటు తప్పితే భారం మోయకూడని పళ్లు మోస్తాయి. ముందు పళ్ల అంచులు అరుగుతాయి, కొన్ని కదులుతాయి. కొందరికి చెవి ముందుండే దవడ కీలు దగ్గర నొప్పి వస్తుంది. అందరికీ అన్నీ జరుగుతాయని కాదు. నోరు చాలా ఓర్చుకుంటుంది. కానీ ఎంత ఓర్చుకుంటుందో ముందే ఎవరూ చెప్పలేరు.

మా పిల్లను దక్షిణ ఢిల్లీలో ఒక ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ స్కానర్ జోలికే పోలేదు. సొరుగులోంచి సన్నటి నీలి కాగితం తీసి, పళ్ల మధ్య పెట్టి కొరకమంది. పన్నుకు సిమెంట్ పెట్టించుకున్నవాళ్లకు ఈ కాగితం తెలిసే ఉంటుంది. ఎక్కడ తగులుతుందో అక్కడ నీలి చుక్క పడుతుంది. మా పిల్లకు ముందు పళ్ల మీద ఆరు చుక్కలు గాఢంగా పడ్డాయి. దవడ పళ్ల మీద ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఆవిడ కాగితాన్ని వెనక పళ్ల మధ్య పెట్టి గట్టిగా కొరకమని, దాన్ని రెండు వేళ్లతో లాగేసింది. ఎక్కడా ఆగకుండా జారి వచ్చేసింది.

"పద్నాలుగు నెలల్లో ఎవరైనా ఈ కాగితం పెట్టారా?" అని అడిగింది. పిల్ల ఆలోచించింది. ప్రతిసారీ ఫొటోలు తీశారట. తొడుగు సరిగా కూర్చుందో లేదో చూశారట. కాగితం మాత్రం ఒక్కసారీ పెట్టలేదు.

ఇలా వెనక పళ్లు విడిపోవడం అలైనర్ వైద్యంలో కొత్తేమీ కాదు, ఆ పని చేసే ప్రతి డాక్టరూ ఏదో ఒక రోజు చూసేదే. ఆవిడ చెప్పిన కారణాలు మూడూ మా పిల్ల నోట్లో కలిసొచ్చినట్లున్నాయి.

మొదటిది ప్లాస్టిక్ మందం. తొడుగు పళ్ల నమిలే తలాన్ని కూడా కప్పుతుంది. పైన ముప్పావు మిల్లీమీటరు, కింద ముప్పావు, అంటే పళ్ల మధ్య మిల్లీమీటరున్నర అడ్డం. దవడ వెనక కీలు మీద మూసుకునేది కాబట్టి ఆ అడ్డం ముందుగా తగిలేది దవడ పళ్లకే. రోజుకు ఇరవై రెండు గంటలు, నెలల తరబడి ఆ ఒత్తిడి పడితే దవడ పళ్లు ఎముకలోకి కొద్దిగా నొక్కుకుపోతాయి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ఇంకా ఎక్కువ.

రెండోది ముందు పళ్లు. వంకరగా ఉన్నవాటిని వరుసలోకి తెచ్చేటప్పుడు వాటి వేరు ఏ వాలులో ఉండాలి, పై పళ్ల వెడల్పుకూ కింది పళ్ల వెడల్పుకూ లెక్క కుదురుతుందా అని చూడాలి. లేకపోతే పై పళ్ల వెనక భాగానికి కింది పళ్లు ముందే కొట్టుకుంటాయి. ట్రంకుపెట్టె మూత ముందు అంచులో చీర కొంగు ఇరుక్కుంటే ఏమవుతుంది? మూత వెనక భాగం కూడా పూర్తిగా దిగదు. అలాంటిదే ఇది.

మూడోది మరీ చిన్న పొరపాటు. స్కాన్ చేసే రోజు 'కొరకండి' అన్నప్పుడు రోగి కొంచెం పక్కకో ముందుకో కొరికితే కంప్యూటర్ అదే అసలు బైట్ అనుకుంటుంది. ఇరవై ఎనిమిది తొడుగులూ ఆ తప్పు మీదే కట్టిన మేడ. స్కాన్‌ను నోటితో పోల్చి చూడటానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలూ కేటాయించాల్సింది డాక్టరే. కోస్టారికాలోనో ముంబైలోనో కంప్యూటర్ ముందు కూర్చున్న టెక్నీషియన్‌కు ఆ నోరు కనిపించదు.

డాక్టర్లనూ రోగులనూ ఎక్కువగా మభ్యపెట్టేది ఆ సినిమా. తెర మీద పళ్లు వెన్నలో జారినట్లు జరుగుతాయి. నోట్లో అలా జరగవు. అమెరికాలో క్రావిట్జ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో ముందు పళ్ల కదలిక పథకంలో చూపినదాంట్లో సగటున 41 శాతమే నిజమైంది. పదకొండేళ్ల తర్వాత, ప్లాస్టిక్ మెరుగుపడి సాఫ్ట్‌వేర్ మారాక, 2020లో ఇలాంటి అధ్యయనమే మళ్లీ చేస్తే అది 50 శాతానికి చేరింది. పన్నును పక్కకు వాల్చడం ప్లాస్టిక్‌కు తేలిక. గుండ్రటి కోరపన్నును తిప్పడం కష్టం. పన్నును చిగురులోంచి కిందికి దించడం ఇంకా కష్టం. కాబట్టి తెలిసిన డాక్టరు తెర మీద బైట్ అందంగా కుదిరేలా గీయడు. వెనక పళ్లు కొంచెం ఎక్కువగానే తగిలేట్లు, ముందు పళ్ల మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండేట్లు గీస్తాడు. నోట్లోకి వచ్చేసరికి అది సరిపోతుంది. తెర మీద తప్పుగా కనిపించే పథకమే నోట్లో ఒప్పవుతుందన్న సంగతి ఒకటి రెండు రోజుల శిక్షణలో ఒంటబట్టేది కాదు.

ఇదంతా వింటే, 'అయితే బీడీఎస్ డాక్టర్లు అలైనర్లు పెట్టకూడదు, అంతే కదా' అనిపించవచ్చు. ఎండీఎస్ చేసినవాళ్లలో కొందరు ఆ మాట గట్టిగానే అంటారు. నేను అంత దూరం పోను. చట్టమూ పోలేదు. 1948 నాటి దంత వైద్యుల చట్టం గానీ, దాని స్థానంలో పార్లమెంటు 2023లో ఆమోదించిన నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం గానీ సాధారణ దంత వైద్యుడు ఈ పని చేయకూడదనలేదు. ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదని మాత్రం డెంటల్ కౌన్సిల్ 2014 నాటి నైతిక నియమావళిలో పెట్టింది. బీడీఎస్‌లో పళ్ల వరుస సరిచేసే శాస్త్రం ఒక సబ్జెక్టు. తీగలు వంచి, తీసి పెట్టుకునే ప్లేట్లు చేయడం నేర్పుతారు. కానీ ఒక రోగిని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చూసే అవకాశం దొరికేది ఆ తర్వాత మూడేళ్ల ఎండీఎస్‌లోనే.

ముందు పళ్ల మధ్య కొద్దిపాటి సందులు, కొద్దిపాటి వంకర, చిన్నప్పుడు క్లిప్పులు వేసి తీశాక మళ్లీ జరిగిన పళ్లు... దవడ పళ్లు చక్కగా కలుస్తున్న నోట్లో ఇలాంటివి జాగ్రత్తగల సాధారణ డాక్టరు నిక్షేపంగా చేయవచ్చు. పై పళ్లు కింది పళ్లను పూర్తిగా కప్పేసే నోరు, ముందు పళ్లు అసలు కలవని నోరు, దవడే ఓ పక్కకు పోయిన ముఖం, పళ్లు పీకి చోటు చేయాల్సిన కేసు, దవడ కీలు నొప్పి ఉన్న మనిషి... ఇవి స్పెషలిస్టు దగ్గరికి పంపాల్సినవే. చిగుళ్ల జబ్బు ముదిరి ఎముక తగ్గినవాళ్లకు ముందు ఆ వైద్యం జరగాలి. అనంతపురం జిల్లాలో ఓ చిన్న ఊళ్లో ఉన్న డాక్టరు 'ఎక్కడికి పంపను?' అంటే అర్థం చేసుకోవచ్చు. ఢిల్లీలో ఆ మాట చెల్లదు. ఎయిమ్స్‌లో, మౌలానా ఆజాద్ దంత విజ్ఞాన సంస్థలో ఆర్థోడాంటిక్స్ విభాగాలున్నాయి. ప్రైవేటులో అయితే ప్రతి పెద్ద మార్కెట్లోనూ ఒక ఎండీఎస్ దొరుకుతారు. పంపకపోవడానికి కారణం దూరం కాదు, బిల్లు.

అసలు డాక్టరే అక్కర్లేదన్న ప్రయోగమూ జరిగింది. అమెరికాలో 2014లో మొదలైన స్మైల్ డైరెక్ట్ క్లబ్ ఇంటికి అచ్చు తీసుకునే కిట్ పంపి, తొడుగులు పోస్టులో పంపేది. 2019లో షేర్ మార్కెట్‌కెక్కింది. 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి, డిసెంబరులో మూసేసింది. వైద్యం మధ్యలో ఉన్నవాళ్లకు పళ్లు సగం జరిగి ఉన్నాయి, అడగడానికి మనిషి లేడు. ఆ లెక్కన మా పిల్ల అదృష్టవంతురాలు. ఆమెకు వెళ్లి అడగడానికి ఒక క్లినిక్, ఎదురుగా ఒక డాక్టరు ఉన్నారు.

అలైనర్లు పెట్టించుకోబోయేవాళ్లు ధర అడిగే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నా దవడ పళ్లు ఇప్పుడు ఎలా కలుస్తున్నాయి, వైద్యం అయ్యాక ఎలా కలుస్తాయి? కంప్యూటర్ పథకాన్ని మీరు మార్చారా, వచ్చింది వచ్చినట్లు ఒప్పుకున్నారా? మొదటిసారే 'ఏం మార్చక్కర్లేదు, చాలా బాగుంది' అని సంబరపడే డాక్టరును కాస్త అనుమానించవచ్చు. ఎక్స్‌రే తీయకుండా మొదలుపెడతానంటే లేచి వచ్చేయవచ్చు. తొడుగు తీసి నీలి కాగితంతో బైట్ చూడటం ప్రతి రెండు మూడు విజిట్‌లకోసారైనా జరగాలి. చూస్తే నాలుగో నెలలోనే తెలిసిపోయే సంగతి మా పిల్లకు పద్నాలుగో నెలలో చేగోడీ చెప్పింది.

ఇలా విడిపోయిన పళ్లను కలపడానికి దారులున్నాయి. వాటిలో చాలావాటికి ఓపికే పెట్టుబడి. తొడుగులో వెనక పళ్లను కప్పే భాగం కత్తిరించేస్తే ప్లాస్టిక్ అడ్డం పోయి దవడ పళ్లు మెల్లగా వాటంతట అవే ఎదురుపన్నును వెతుక్కుంటాయి. తొడుగును రాత్రిపూటకే పరిమితం చేయడం, చిన్న రబ్బరు బ్యాండ్లతో పై పన్నునూ కింది పన్నునూ ఒకదాని వైపు ఒకటి లాగడం కూడా చేస్తారు. చికిత్స అయ్యాక పళ్లను నిలిపి ఉంచడానికి ఇచ్చేది కూడా ముఖ్యమే. మళ్లీ అన్ని పళ్లనూ కప్పే ప్లాస్టిక్ తొడుగే పగలూ రాత్రీ పెట్టుకుంటే ఆ సందు అలాగే ఉండిపోవచ్చు. పాతకాలపు తీగ ప్లేటు దవడ పళ్ల నమిలే తలాన్ని కప్పదు కాబట్టి వాటిని కుదురుకోనిస్తుంది. చేయకూడనిది ఒకటుంది. ముందు పళ్లు కొట్టుకుంటున్నాయని తొందరపడి వాటిని అరగదీయడం. పన్నుకు పోయిన ఎనామిల్ తిరిగి రాదు.

నోయిడా డాక్టరు దగ్గరికి మేం మళ్లీ వెళ్లాం. దక్షిణ ఢిల్లీ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపిస్తే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు, కానీ వాదించలేదు. "కంపెనీవాళ్లు పంపిన ప్లాన్‌లో బైట్ బాగానే ఉందండీ" అన్నాడు. నిజమే, తెర మీద బాగానే ఉంది. ఆ పూటే తొడుగు వెనక భాగాలు కత్తిరించి ఇచ్చాడు, రాత్రిపూటే పెట్టుకోమన్నాడు. మూడు నెలలు ఆగి చూసి, అప్పటికీ ముందు పళ్లు ముందే తగులుతుంటే డాక్టరమ్మతో కలిసి కొత్త పథకం గీస్తానని, దానికి డబ్బు తీసుకోనని చెప్పాడు. మేం లేవబోతుంటే అసిస్టెంటును పిలిచి నీలి కాగితం డబ్బా కుర్చీ పక్కనే ఉంచమన్నాడు.

ఈ నెల వెళ్లొచ్చి పిల్ల ఫోన్ చేసింది. కుడివైపు దవడ పళ్ల మీద మూడు చుక్కలు పడ్డాయట, ఎడమవైపు ఒక్కటే, అదీ లేతగా. వచ్చే నెల మళ్లీ రమ్మన్నారట. వాళ్లమ్మ మాత్రం ఈసారి సున్నుండలు పంపింది.